సినీబెంచ్‌లో నిలబడుతుంది, ఖాళీగా ఉంటే రీస్టార్ట్ అవుతోంది: ఎస్‌ఎంపీఎస్ మార్చాలా?

మీ కంప్యూటర్‌లో ఉన్న ప్రాసెసర్ రైజెన్ 5 5600ఎక్స్, కర్వ్ ఆప్టిమైజర్‌లో (కోర్లకు వెళ్లే వోల్టేజ్‌ని తగ్గించే బయాస్ సెట్టింగ్) అన్ని కోర్లకూ మైనస్ 30 పెట్టారు. అన్ని కోర్లకూ ఒకేసారి బరువైన పని పెట్టే సినీబెంచ్ పరీక్ష ఎంతసేపు నడిపినా ఏమీ కావట్లేదు, బ్రౌజర్ తెరిచి ఊరికే కూర్చుంటే మాత్రం రీస్టార్ట్ అవుతోంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) కొనాలా అంటున్నారు. అప్పుడే డబ్బు పెట్టకండి. నా దగ్గరున్నదీ ఇదే ప్రాసెసర్, ఇదే తంతు నడిచింది.

పాత పద్ధతి ఓవర్‌క్లాక్ అయితే బరువైన లోడ్‌లోనే ముందు పడిపోతుంది. ఇక్కడ అలా కాదు. ఆరు కోర్లూ ఒకేసారి పనిచేస్తే ఈ చిప్ 76 వాట్ల దగ్గర ఆగిపోతుంది (ఆ హద్దును పెంచే పీబీఓ సెట్టింగ్‌ని మీరు ముట్టుకోలేదనే అనుకుంటున్నా). అందుకని క్లాక్ కాస్త తగ్గుతుంది, ఆ వేగానికి తక్కువ వోల్టేజ్ సరిపోతుంది. అదే బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిస్తే ఒక్క కోర్ క్షణం పాటు 4.6 గిగాహెర్ట్జ్‌కి ఎగురుతుంది. వోల్టేజ్ ఎక్కువ కావలసింది అక్కడే, మనం కోత పెట్టిందీ అక్కడే. ఒక్కో అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు లెక్కేసుకుంటే, 30 అంటే చిన్న కోత కాదు.

విండోస్ తన లోపాలు రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్-పవర్ 41 చూసి ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానిస్తున్నట్టున్నారు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని చెప్పడం తప్ప అది ఇంకేమీ చెప్పదు. యూపీఎస్ లేని ఇంట్లో కరెంటు పోయినా అదే వస్తుంది. మీరు అక్కడ వెతకాల్సింది హార్డ్‌వేర్ లోపాన్ని నమోదు చేసే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ 18. అందులో ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఉంటుంది. ఈ చిప్‌లో ఒక్కో కోర్‌కి రెండు థ్రెడ్లు కాబట్టి దాన్ని సగం చేసి అర మిగిలితే వదిలేస్తే కోర్ నంబర్ దొరుకుతుంది, లెక్క సున్నా నుంచి మొదలు. 5 వస్తే కోర్ 2 అన్నమాట.

నా సిస్టమ్‌లో ప్రతిసారీ ఒకే కోర్ పేరు వచ్చేది. ఏఎమ్‌డీ వాళ్ల రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే, అన్నిటికంటే మంచి కోర్ అని నక్షత్రం గుర్తు ఉన్నది అదే! మంచి కోర్ కదా, ఇంకా ఎక్కువ కోత తట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. అది అందరికంటే ఎక్కువ వేగానికి వెళ్తుంది, పైగా కంపెనీయే దానికి వోల్టేజ్ పిసినారిగా ఇచ్చి పంపుతుంది. మనం ఇంకా తగ్గించడానికి మిగిలేది తక్కువ.

ముందు కర్వ్ ఆప్టిమైజర్ పూర్తిగా ఆపి, మిగతావన్నీ అలాగే ఉంచి, రెండు మూడు రోజులు మామూలుగా వాడండి. అప్పటికీ రీస్టార్ట్ అయితే ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ కూడా తీసేసి చూడండి. డబ్ల్యూహెచ్‌ఈఏ 19 కుప్పలుగా కనిపిస్తే ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్‌ని అనుమానించాలి, 1800 మెగాహెర్ట్జ్ దాటించి ఉంటే వెనక్కి తెండి. కర్వ్ ఆపగానే కుదుటపడితే దొంగ దొరికినట్టే. ఇక 'ఆల్ కోర్' వదిలేసి 'పర్ కోర్' ఎంచుకోండి. నేను నక్షత్రం ఉన్న కోర్‌కీ, దాని తర్వాతి మంచి కోర్‌కీ మైనస్ 10, మిగతావాటికి మైనస్ 25 దగ్గర ఆగాను. సినీబెంచ్ స్కోరులో తేడా పట్టించుకునేంత లేదు. మీ చిప్‌కి ఇవే అంకెలు నప్పాలని లేదు. కోర్‌సైక్లర్ అనే ఉచిత స్క్రిప్ట్ ఒక్కో కోర్‌నే విడిగా పరీక్షిస్తుంది, రాత్రి పెట్టి పడుకోండి. తప్పిన కోర్‌కి కోతలో అయిదు తగ్గించి (మైనస్ 25 ఉంటే మైనస్ 20 చేసి) మళ్లీ నడపండి.

వోల్టేజ్‌ని 1.35 వోల్టుల దగ్గర ఫిక్స్ చేసేయమని ఎవరో సలహా ఇచ్చారన్నారు, అది మాత్రం వద్దు. ఒక కోర్ పరుగెత్తేటప్పుడు వోల్టేజ్, వేడి లాంటివి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో 1.4 దాటడం మామూలే, అప్పుడు కరెంటు తక్కువ. అన్ని కోర్లకూ లోడ్ ఉన్నప్పుడు 1.35 అంటే వేరే కథ, మే నెలలో ఏసీ లేని గదిలో అయితే మరీను.

కర్వ్, ఎక్స్‌ఎంపీ రెండూ ఆపినా ఖాళీగా ఉన్నప్పుడే రీస్టార్ట్ అవుతుంటే, బయాస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ని 'టిపికల్ కరెంట్ ఐడిల్'కి మార్చండి. దానికీ లొంగకపోతే స్నేహితుల దగ్గర ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి బిగించి చూడండి, కొనడం ఆ తర్వాత.