ఎమ్మెల్యే కావాలనుకునే అబ్బాయికి ముందు ఓటు ఎక్కడుంది?

ప్రశ్న: మాది మదనపల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి 2005 నవంబరులో పుట్టాడు, బీకాం చదువుతున్నాడు. ఎమ్మెల్యే అవుతానని, చదువు ఆపేసి పార్టీలో తిరుగుతానని పట్టుబడుతున్నాడు. వాడి ఓటు ఇంకా ఊళ్లోనే ఉంది. ఏం చెప్పమంటారు? - ఒక తల్లి

జవాబు: వద్దనకండమ్మా. పక్కన కూర్చోబెట్టుకుని వయసు లెక్క వేయించండి. శాసనసభకు పోటీ చేయాలంటే నామినేషన్ల పరిశీలన రోజుకు 25 ఏళ్లు నిండి ఉండాలి. మీవాడికి అవి 2030 నవంబరులో నిండుతాయి. ఎన్నికలు సమయానికే జరిగితే కర్ణాటకలో 2028లో, ఆంధ్రలో 2029లో. రెండూ అందవు. ఏదైనా ఉప ఎన్నిక వస్తే తప్ప మొదటి అవకాశం ఇక్కడ 2033, అక్కడ 2034. ఈలోగా బీకాం ముగించి, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివి, కోర్టులో కుదురుకునేంత సమయం ఉంది. చదువు ఆపితే ఒక్కరోజు కూడా ముందుకు జరగదు.

లా అనడానికి కారణం ఉంది. ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే నామినేషన్‌కు ముందే రాజీనామా చేయాలి. వకీలుకు ఆ చిక్కు లేదు, గెలిచాక కూడా ప్రాక్టీసు చేసుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఓడిన అయిదేళ్లూ ఇల్లు గడవాలి కదా.

అసలు చిక్కు ఓటు దగ్గరే. లోక్‌సభకైతే దేశంలో ఎక్కడ ఓటున్నా చాలు. అసెంబ్లీకి మాత్రం ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలి. మదనపల్లె ఓటుతో కర్ణాటకలోని 224 స్థానాల్లో ఒక్కదానికీ పోటీ చేయలేడు. బెంగళూరే అనుకుంటే ఇల్లు మారినట్టు ఫారం 8 ఇచ్చి ఓటు తెచ్చుకోవాలి. చాలామంది పాత ఓటు అలాగే ఉంచి ఫారం 6తో కొత్తది రాయించుకుంటారు. వేరే చోట పేరు లేదని అందులో అబద్ధం రాస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు.

ఇంకో మాట. మారతహళ్లి ఉన్న మహదేవపుర ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మీరు ఎస్సీలు కాకపోతే అక్కడ నిలబడే వీల్లేదు. ఓటు అక్కడే ఉంచుకుని పక్కనున్న కేఆర్ పురంలో పోటీ చేయవచ్చు, కానీ ఓటరు జాబితా సర్టిఫైడ్ కాపీ చూపాలి. 2033 నాటికి నియోజకవర్గాల పునర్విభజనతో హద్దులూ రిజర్వేషన్లూ మారిపోవచ్చు కాబట్టి ఇప్పటినుంచే ఒక సీటు మీద మనసు పెట్టుకోవద్దు. కన్నడ మాట్లాడటం మీవాడికి వచ్చే ఉంటుంది. చదవడం, రాయడం కూడా రావాలి. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లకు అదేం పెద్ద కష్టం కాదు.

పార్టీలో తిరగడం అంటే నాయకుడి కారు వెనక తిరగడం అనుకుంటే ఆ ఏళ్లు వృథా. బూత్ పని అడగమనండి. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో బెంగళూరు జయనగర ఫలితం 16 ఓట్లతో తేలింది. అలాంటి చోట ఒక్క వీధి ఓటర్ల జాబితా సరిగ్గా చూసుకున్నా లెక్క మారుతుంది. పార్టీ తరఫున ఓటర్ల జాబితా చూసుకునే బూత్ లెవెల్ ఏజెంట్‌గా చేరి, చనిపోయినవాళ్ల పేర్లు, ఇల్లు మారినవాళ్ల పేర్లు పట్టుకోవడం నేర్చుకోవాలి. పోలింగ్ ఏజెంటుగా కూర్చుంటే ఇంకా మంచిది. ఏడింటికి పోలింగ్ అంటే అయిదున్నరకే బూత్‌లో ఉండాలి. అసలు పోలింగ్‌కు ముందు యంత్రాన్ని పరీక్షించే మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిచూసి, యంత్రంలో వాటిని చెరిపేశారో లేదో కళ్లారా చూడాలి. చెరపడం మరిచిపోతే లెక్కింపు రోజు యంత్రంలోని అంకె, బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీలోని అంకె కలవవు. సాయంత్రం ఆ ఫారం కాపీ మీద ప్రిసైడింగ్ అధికారి సంతకం తీసుకోకుండా బూత్ వదలకూడదు. ఆకలేసి ముందే వెళ్లిపోయే ఏజెంట్లే ఎక్కువ!

డబ్బు సంగతి మీరూ తెలుసుకోండి. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 5,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే తిరిగి రాదు. అంటే 1,20,000 ఓట్లు చెల్లితే 20,000 మించి రావాలి. ఖర్చుకు పరిమితి 40 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత పడవచ్చు. ఓడినవాళ్లు లెక్కల ఊసే ఎత్తరు, చిక్కుకునేది వాళ్లే.

నామినేషన్ తిరస్కరణకు కారణాలు చాలావరకు చిన్నవే. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రుడికి పది మంది కావాలి, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. ఫారం 26 అఫిడవిట్‌లో గడి ఖాళీగా వదలకూడదు. ఆస్తి లేకపోతే ‘లేదు’ అని రాయాలి. పార్టీ ఇచ్చే ఫారం ఎ, ఫారం బి చివరి రోజు మధ్యాహ్నం మూడింటిలోగా చేరాలి. బి-ఫారం చేతికి వచ్చేదాకా టికెట్ వచ్చినట్టు కాదు.

అంతదాకా ఆగలేనంటే కార్పొరేటర్ పదవికి 21 ఏళ్లు చాలు. దాన్ని నమ్ముకుని మాత్రం ప్రణాళిక వేయకండి. 2020 సెప్టెంబరులో బెంగళూరు కార్పొరేటర్ల పదవీకాలం ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికే జరగలేదు. డిగ్రీ చేతికొచ్చాక లాంప్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టించండి. ఎంపికైతే సుమారు ఏడాది పాటు ఢిల్లీలో ఒక ఎంపీ దగ్గర బిల్లులు, సభలో అడిగే ప్రశ్నల మీద పనిచేస్తాడు. గరిష్ఠ వయసు 25, కాబట్టి బీకాం అవగానే, లాలో చేరకముందే రాస్తే మంచిది.