ముప్పై ఐదు వచ్చినవాడు ఏ లిస్టులో ఉండాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ ఆఖరి సంవత్సరం. క్యాంపస్‌కి వచ్చిన ఒక కంపెనీ టెస్టులో ‘లిస్టులోంచి సరి సంఖ్యలు తీసేయండి’ అని చిన్న ప్రోగ్రాం అడిగారట. తెలిసిన ప్రశ్నే అయినా జవాబు తప్పు వచ్చింది. ఎందుకో వాడికి ఇప్పటికీ అర్థం కాలేదు. ఇప్పుడు మధురవాడలో ఆరు నెలల ఏఐ కోర్సుకి ఎనభై వేలు కట్టమంటున్నాడు. కంపెనీలేమో జావా అడుగుతున్నాయి, వీడికి వచ్చింది పైథాన్. ఏం చేయమంటారు?

జవాబు: ఫీజు ఇప్పుడే కట్టకండి. ముందు ఆ తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం.

లిస్టు మీద లూప్ తిప్పుతూ, అంటే ఒక్కో స్థానం వరసగా చూసుకుంటూ, సరి సంఖ్య కనిపించినప్పుడల్లా అదే లిస్టులోంచి రిమూవ్ చేసి ఉంటాడు. చాలామంది పిల్లలు అలాగే రాస్తారు. 2, 4, 6, 7 ఉన్న లిస్టుతో మళ్ళీ చేసి చూడమనండి. 7 ఒక్కటే మిగలాలి, కానీ 4 కూడా మిగులుతుంది. 2 పోగానే 4 మొదటి స్థానంలోకి జరుగుతుంది, లూప్ మాత్రం రెండో స్థానానికి వెళ్ళిపోతుంది. అక్కడ ఉన్నది 6. ఇక 4ని చూసేదెవరు?

పాత లిస్టును కదపకుండా, కావలసినవి ఏరి కొత్త లిస్టులో వేసుకోవాలి. పైథాన్‌లో దీనికి లిస్ట్ కాంప్రహెన్షన్ అనే పద్ధతి (షరతు రాసి కొత్త లిస్టు తయారుచేయడం) ఉంది, 2000లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచీ. ఒక్క లైను పని. ఫిల్టర్ అనే ఫంక్షనూ ఉంది కానీ, పైథాన్ 3లో అది నేరుగా లిస్టు ఇవ్వదు. ప్రింట్ చేస్తే సంఖ్యలు కనపడక పిల్లలు కంగారు పడతారు. దాన్ని లిస్టుగా మార్చుకుంటే సరిపోతుంది.

అయితే ఇంటర్వ్యూ చేసేవాళ్ళు చూసేది లైను ఎంత పొట్టిగా ఉందని కాదు, షరతు ఎంత జాగ్రత్తగా రాశాడని. మార్కుల లిస్టు తీసుకోండి. పాసైనవాళ్ళని ఏరమంటే ‘35 కంటే ఎక్కువ’ అని రాస్తాడు. సరిగ్గా 35 వచ్చినవాడు ఫెయిల్! పరీక్షకే రానివాళ్ళ చోట ‘నన్’ (None, పైథాన్‌లో ‘ఏమీ లేదు’ అని చెప్పే గుర్తు) ఉందనుకోండి, దాన్ని 35తో పోల్చగానే పైథాన్ 3 ఎర్రర్ ఇస్తుంది. అందుకని ‘నన్ కాదు’ అన్న పరీక్ష ముందు, మార్కుల పోలిక తర్వాత. ఈ వరస తిరగబడితే ప్రోగ్రాం ఆగిపోతుంది. పోనీ ఖాళీలన్నీ ముందే తీసేద్దామని ఫిల్టర్‌కి షరతు స్థానంలో నన్ ఇస్తే ఇంకో చిక్కు. పైథాన్ సున్నాని కూడా ‘కాదు’ అనే లెక్కేస్తుంది కాబట్టి, పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నవాడు కూడా గైర్హాజరైనవాళ్ళతో పాటే మాయమవుతాడు.

డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్‌లో ఇంకా తమాషా. మార్కుల గడి ఖాళీగా ఉంటే ఆ విద్యార్థి ‘35 లేదా ఆపైన’ అన్న జాబితాలోనూ రాడు, ‘35 కంటే తక్కువ’ అన్న దానిలోనూ రాడు.

ఏఐ కోర్సులోనూ మోడల్ దగ్గరికి వెళ్ళేముందు డేటా శుభ్రం చేయాలి, అంటే చాలావరకు ఇదే ఏరుడు. ఇక్కడ తడబడేవాడు అక్కడా తడబడతాడు. పైగా గాజువాక నుంచి మధురవాడ రోజూ బస్సులో వెళ్ళిరావడమంటే చదువుకునే సమయం అందులోనే పోతుంది. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో పైథాన్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. ఒక నెల అవి విననివ్వండి. రోజూ ఒక లిస్టు, ఒక షరతు. రన్ చేసేముందు జవాబు కాగితం మీద రాయాలి. ఖాళీ లిస్టు ఇస్తే ఏం వస్తుందో కూడా. ఆ తర్వాత కూడా ఏఐ మీద ఆసక్తి అలాగే ఉంటే, ఫీజు సంగతి అప్పుడు మాట్లాడదాం.

జావా గురించి బెంగ వద్దు. 2014లో వచ్చిన జావా 8 నుంచి అందులోనూ స్ట్రీమ్స్ (లిస్టులోని వాటిని వరసగా తీసుకుని పనిచేసే సదుపాయం), వాటిలో ఫిల్టర్ ఉన్నాయి. రాసే తీరు (సింటాక్స్) వేరు, ఆలోచన అదే. మీ అబ్బాయి చేసిన తప్పే జావాలో చేస్తే చాలాసార్లు ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం ఆగిపోతుంది. పైథాన్ మాత్రం కిక్కురుమనకుండా తప్పు జవాబు ఇస్తుంది. టెస్టులో వాడికి జరిగింది బహుశా అదే.