గొప్ప అక్షరాస్యులు అనవచ్చా?

సందేహం: మా గ్రంథాలయ సభ కరపత్రంలో ముఖ్య అతిథిని "గొప్ప అక్షరాస్యులు" అని పరిచయం చేశాం. ఆ మాట తప్పని ఒకరు, "అక్షరాశ్యులు" అని ఉండాలని ఇంకొకరు అంటున్నారు. ఏది సరి? బోలెడు పుస్తకాలు చదివినవారిని తెలుగులో ఏమనాలి?

సమాధానం: 'శ్య' తప్పు. అక్షర + ఆస్య, సవర్ణదీర్ఘ సంధి. ఆస్యం అంటే నోరు. అక్షరాలు నోట ఉన్నవాడు అక్షరాస్యుడు. వినాయకుణ్ణి గజాస్యుడని, రావణుణ్ణి దశాస్యుడని అనడం గుర్తుంటే ఈ 'స్య' తప్పిపోదు. పనిలో పనిగా ఇంకొకటి: 'నిరాక్షరాస్యుడు' అని దీర్ఘమిచ్చి రాస్తున్నారు. ఆశ్రయంలో దీర్ఘం ఉంది కనుక నిరాశ్రయుడు అయింది. అక్షరంలో అది లేదు, కాబట్టి నిరక్షరాస్యుడే.

ఇక 'గొప్ప' సంగతి. జనగణనలో, ఏడేళ్లు నిండినవారికి ఏదో ఒక భాషలో అర్థం తెలిసి చదవడమూ రాయడమూ వస్తే అక్షరాస్యులు. చదవడం వచ్చి రాయడం రాకపోతే ఆ లెక్కలోకి రారు. అంటే ఉందా లేదా అన్నదే తప్ప ఇందులో హెచ్చుతగ్గులు లేవు. మీ అతిథికి చదవను, రాయను వచ్చునని మాత్రమే మీరు చెప్పినట్టయింది.

"బాగా చదువుకున్నవారు" అన్నా కుదరదు. "ఎంతవరకు చదువుకున్నారు?" అంటే పదో తరగతి అనో ఎమ్మే అనో చెబుతాం గాని పుస్తకాల పేర్లు చెప్పం కదా! మీకు కావలసిన మాట చదువరి. అచ్చంగా మనది, స్త్రీపురుషులిద్దరికీ ఒకటే రూపం. పత్రికలు దీన్ని పాఠకుడికి పర్యాయంగా వాడి పలచన చేశాయి గాని, "మంచి చదువరి" అనగానే పుస్తకాలతో గడిపిన మనిషే మనసులో మెదులుతాడు.

బహుశ్రుతుడు ఇంకా లోతైన మాట. శ్రుతం అంటే విన్నది. గురుముఖతః నేర్చిన కాలపు పదం. పురాణాలు, హరికథలు విని వందల పద్యాలు ధారణలో ఉంచుకున్నవారు సంతకం చేయలేకపోయినా బహుశ్రుతులే. అందుకే చదవడం రానివారిని 'నిరక్షరకుక్షి' అనడం నాకు బాధగా ఉంటుంది. కుక్షి అంటే పొట్ట. "పొట్టకోస్తే అక్షరం ముక్క రాదు" అని మనం తిట్టేది అదే. నిరక్షరాస్యుడు స్థితిని చెప్పే మాట, నిరక్షరకుక్షి నింద. ఒకదాని చోట ఒకటి వాడకండి.

కరపత్రంలో "మంచి చదువరి" అని దిద్దుకోండి. పుస్తకాలతో పాటు పెద్దల దగ్గర విని నేర్చిన పాండిత్యమూ ఆయనకు ఉంటే "బహుశ్రుతులు" అనండి.