పోర్టులు కాదు, వాట్లు లెక్కపెట్టు

అల్లుడూ,

మిర్యాలగూడ రైస్‌మిల్లులో పన్నెండు కెమెరాల పని ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్లోంచే (పీఓఈ అంటారే, ఆ పద్ధతిలో) ఇస్తానన్నావట. మంచి పని. కెమెరాకో అడాప్టర్ పెట్టి, వాన పడ్డప్పుడల్లా నిచ్చెనెక్కిన వాణ్ణి నేను.

కెమెరాల కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ కొనేటప్పుడు ఎన్ని పోర్టులని, అంటే కేబుల్ గుచ్చే రంధ్రాలెన్నని అడగకు. అన్నీ కలిపి ఎన్ని వాట్లు ఇస్తుందో అడుగు. ఇది నాకు ఒక స్కూల్లో తెలిసొచ్చింది. ఎనిమిది కెమెరాలు, ఎనిమిది పోర్టుల స్విచ్. పగలంతా బాగానే ఉండేది. చీకటి పడగానే రెండు కెమెరాలు ఆరిపోవడం, కాసేపటికి రావడం, మళ్లీ ఆరిపోవడం. కెమెరాలు మార్చాను, కనెక్టర్లు మళ్లీ కొట్టాను. మూడో రోజు స్విచ్ వెనక లేబుల్ చదివాను, మొత్తం 60 వాట్లే. పగలు ఒక్కో కెమెరా 5 వాట్లు తినేది. రాత్రి లోపలి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగితే 9. ఎనిమిది తొమ్మిదులు డెబ్బై రెండు. చిన్నప్పటి ఎక్కం, నేనే వెయ్యలేదు.

స్విచ్ డబ్బా మీద ఏఎఫ్ (802.3af) అని ఉంటే, అది కేబుల్లో కరెంటు ఇచ్చే 2003 నాటి పద్ధతి. పోర్టు దగ్గర 15.4 వాట్లు ఇస్తుంది, కానీ కెమెరా 12.95 మాత్రమే నమ్ముకోవాలి. మిగతాది వంద మీటర్ల తీగ వేడెక్కడానికి పోతుందని లెక్క. 2009లో వచ్చిన ఏటీలో పోర్టు దగ్గర 30, అవతల 25.5. 2018 నాటి బీటీ 90 దాకా ఇస్తుంది, నీకు అంత అక్కర్లేదు.

అందుకే కేబుల్ దగ్గర కక్కుర్తి పడకు. చవగ్గా దొరికేవి చాలావరకు అల్యూమినియం తీగకు రాగి పూత పూసినవే. బ్లేడుతో గీరి చూడు, లోపల తెల్లగా ఉంటే షాపువాడికి తిరిగిచ్చెయ్. పొడవు దారుల్లో దానితో కెమెరా రాత్రిపూట చస్తుంది, నింద నీ మీద పడుతుంది.

గేటు దగ్గరి రెండు కెమెరాలు ఆఫీసు నుంచి 150 మీటర్లన్నావు. కేబుల్ వంద దాటకూడదు. మధ్యలో గోడౌన్ గోడకు, తొంభై మీటర్ల దగ్గర, కేబుల్ నుంచే కరెంటు తీసుకునే చిన్న స్విచ్ పెట్టు. దానికి ఏటీ పోర్టే కావాలి. వచ్చే 25 వాట్లలో తను ఒక అయిదు తినేసినా, రెండు కెమెరాలకు సరిపోతాయి. అంటే పది కెమెరాలకు తొమ్మిదేసి చొప్పున 90, గోడౌన్ స్విచ్‌కు 25, మొత్తం 115. పావు వంతు ఎక్కువ వేసుకుని 150 వాట్లది కొను. ఊక దుమ్ములో ఫ్యాన్ ఆరు నెలలు ఆడదు, ఫ్యాన్ లేనిది చూడు. దానికి ఒక యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా కెమెరాలు ఆగవు.

కేబుల్లోకి కరెంటు ఎక్కించే 24 వోల్టుల ఇంజెక్టర్ డబ్బాలు అమ్ముతారు, తీసుకోకు. సరైన స్విచ్ అవతల ఉన్నది కరెంటు తీసుకునేదేనా అని ముందు పరీక్షించి, అప్పుడే వోల్టేజీ వదులుతుంది. ఈ ఇంజెక్టర్ అడగదు, పెట్టగానే పంపేస్తుంది. మిల్లు గుమాస్తా ల్యాప్‌టాప్ అందులో గుచ్చాడంటే అది పాడైపోవచ్చు.

బయట కేబుల్ ఉన్న చోట పిడుగు నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, ఎర్త్ తీగ గట్టిగా బిగించు. ఎర్త్ లేని ప్రొటెక్టర్ ఉత్త డబ్బాయే.

కేబుల్ కొనగానే గీరిన ముక్క ఫొటో తీసి వాట్సాప్ చెయ్యి, చూసి చెప్తాను.

మీ మావయ్య