ఉగాదికి కొట్టు తెరుస్తానన్న మేనకోడలికి

అమ్మాయీ,

బుడమేరు వాగు వరదలో మునిగిన నీ కుట్టుపని కొట్టుని ఉగాది నాడు బెజవాడ సింగ్ నగర్‌లో మళ్ళీ తెరుస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ సంతోషం పట్టలేక ఇక్కడ గుంటూరు బ్రాడీపేటలో కనపడినవాళ్ళందరికీ చెప్పేశాను, మా మేనకోడలు మళ్ళీ మెషీన్ ఎక్కుతోందని. మీ అమ్మ పెట్టేసేముందు ఇంకో మాట అంది. "ఉగాదికల్లా అందరి గుడ్డ బాకీలూ తీర్చేసి, అన్నీ మునుపట్లా చేసేస్తానంటోంది వదినా" అని. ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఫోన్ చేస్తే "సరే అత్తా" అని పెట్టేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, కూర్చుని చదువు.

ముందు చిన్న విషయాలు. గోడల అడుగున చెమ్మ ఇంకా ఉంటే రంగు వేయించకు, ఈ ఎండాకాలం ఆరనీ. గుడ్డలు పెట్టే అరలూ, ప్లగ్గు బోర్డూ బుడమేరు నీళ్ళు గోడ మీద వదిలిన చారకి పైనే ఉండాలి. మెషీన్‌కి నూనె పోసి ఒక రాత్రి నాననిచ్చి, చక్రాన్ని చేత్తో తిప్పి చూడు. బిగుసుకుంటే బలవంతం చెయ్యకు. మోటార్ జోలికి మాత్రం మెకానిక్ చూడకుండా వెళ్ళొద్దు. మునిగిన మోటార్ పైకి ఆరినట్టే కనపడుతుంది, లోపల తీగ చుట్టల్లో బురద అలాగే ఉంటుంది. ఆ ఫుట్ పెడల్ వైరు కూడా మార్పించు. ఉత్త కాళ్ళతో తొక్కే అలవాటు నీది. నాకు నీళ్ళంటే ఎంత భయమో కరెంటన్నా అంతే.

ఇప్పుడు మీ తాతయ్య సంగతి. నీకు ఆయన నవ్వుతూ కొలతలు తీసుకునే ముసలాయనగానే తెలుసు. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి దివిసీమలో మనకి సొంత కొట్టుండేది, రెండు మెషీన్లు, పండగలకి ఊపిరాడని పని. ఆ రాత్రి మేం మేడ ఉన్నవాళ్ళింట్లో తలదాచుకుని బతికాం. నీళ్ళు తీశాక కొట్టులోకి వెళ్తే మెషీన్లు ఉప్పునీళ్ళు తాగి ఎర్రగా తుప్పెక్కి ఉన్నాయి. నాన్న కొలతల పుస్తకం ఒక్కటే చేతికి దొరికింది. ఒక్కో కొలత పక్కన ఆ గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి గుండుసూదితో గుచ్చేవాడు. సిరా మొత్తం కరిగిపోయింది. పేర్లు లేవు, కొలతలు లేవు, ఆ ముక్కలున్నాయి. ఆయన ఒక్కో ముక్కనీ వేళ్ళతో రుద్ది చూసి, ఇది ఫలానా వాళ్ళ పిల్లది, ఇది ఫలానా వాళ్ళ పెళ్ళిదని చెప్పేవాడు. కొందరి గుడ్డలు పోయాయి. కొందరు మనుషులే పోయారు. ఆ ముక్కలు వచ్చినప్పుడు ఏమీ అనకుండా పేజీ తిప్పేవాడు.

అప్పుడే ఆయన తప్పు చేశాడు. బతికున్నవాళ్ళలో ఎవరు ఎదురుపడినా "ఉగాదికల్లా మీ గుడ్డ మీకిచ్చేస్తా" అనడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదమ్మా. ఎవరింట్లో పొయ్యి వెలుగుతోందని జాకెట్టు గుడ్డ అడగడానికి? ఆయనే అన్నాడు. అన్నీ ఉగాదికే. గుడ్డ ఉగాదికి, కొట్టుకి కొత్త తలుపులు ఉగాదికి, నాకు పెళ్ళి సంబంధం చూడటం ఉగాది వెళ్ళగానే. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, బెజవాడ వెళ్ళి తానులు కొనుక్కొచ్చాడు. తుప్పు గోకి బాగుచేసిన మెషీన్ పది కుట్లకోసారి కుట్టు తప్పేది. రాత్రిళ్ళు దీపం పెట్టుకుని కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. అమ్మ అన్నం కలిపి పక్కన పెడితే తెల్లారేదాకా అలాగే ఉండేది.

ఉగాది వచ్చేసింది. పని సగం కూడా అవలేదు. పొద్దున్నే తలంటు పోసుకుని జనం మా గుమ్మంలోకి రావడం చూశాడు. గుడ్డల కోసమే వస్తున్నారనుకుని పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. పచ్చడి కూడా నోట్లో పెట్టుకోలేదు. వచ్చినవాళ్ళు మా అమ్మ చేతిలో బెల్లం ముక్కలూ మామిడికాయలూ పెట్టి, "కొట్టు తీశాడట కదా, ఓసారి చూసిపోదామని వచ్చాం" అన్నారు. అంతే. ఆ మాట అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నాన్న నమ్మలేదు. మృగశిర కార్తె దాకా మళ్ళీ మెషీన్ మీద చెయ్యి వెయ్యలేదు. ఆ అప్పుకి అమ్మ మెళ్ళో గొలుసు పోయింది. ఉప్పెన తీసుకోని గొలుసు అది.

మొన్న 2024 సెప్టెంబర్ 1న బుడమేరు మీ మీద పడ్డప్పుడు రోజుల తరబడి డాబా మీద ఉండి కూడా నాతో "బాగానే ఉన్నాం అత్తా" అన్నావు. పాలప్యాకెట్ కోసం మొలలోతు నీళ్ళలో నడిచిన సంగతి నాకు పక్కింటివాళ్ళ ద్వారా తెలిసింది. అచ్చం మీ తాతయ్యవే నువ్వు. గట్టిగా తిట్టాలనుంది. ఎదురుగా ఉంటే తిట్టలేనని కూడా తెలుసు.

వినాయక చవితికని నీ దగ్గర ఇచ్చిన జాకెట్టు గుడ్డలు బురదలో పోయాయి. అది నీ తప్పు కాదు. అయినా వాళ్ళ ఇళ్ళకి నువ్వే వెళ్ళు. "మీ గుడ్డ పోయిందండీ, కుట్టుకూలి లేకుండా ఒకటి కుట్టి ఇస్తాను" అని చెప్పు. తేదీ చెప్పకు. ఎంత నోటిదాకా వచ్చినా తేదీ చెప్పకు. వాళ్ళిళ్ళూ మునిగినవే, నీ పరిస్థితి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎవరైనా ఒక మాట అంటే పడు, ఇంటికొచ్చి నాకు ఫోన్ చెయ్యి.

డబ్బు సంగతి. రోజువారీ ఫైనాన్స్ వాళ్ళని గుమ్మం ఎక్కనివ్వకు. నూటికి మూడంటే ఏడాదికి ముప్పై ఆరు. కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. పనిముట్లకి 15,000 రూపాయల దాకా ఇస్తారు, మొదటి విడతలో లక్ష దాకా అప్పు, ఏడాదికి 5 శాతం వడ్డీ. సచివాలయంలో అడుగు. మీ డ్వాక్రా సంఘంలోనూ కదిపి చూడు. రెండో మెషీన్ ఇప్పుడే వద్దు.

పండగ రోజు తెరిస్తే పండగ బేరమంతా పోయినట్టేనని మీ నాన్న గొణుగుతున్నాడట. పోనీ. వెనక పెళ్ళిళ్ళున్నాయి, జూన్‌లో స్కూలు యూనిఫారాలున్నాయి. ఉగాది నాడు నీ మీద ఏ పనీ లేకపోవడమే నాకిష్టం. 30వ తేదీ ఆదివారం గుడిలో విశ్వావసు పంచాంగం చదివేటప్పుడు మీ అమ్మ నీ రాశి ఆదాయ వ్యయాలు చెవులు రిక్కించి వింటుంది. వ్యయం ఎక్కువని వస్తే ఆవిడ్ని కంగారు పడనివ్వకు, నువ్వూ పడకు. కిందటేడు పంచాంగం విన్న రోజున మనకి బుడమేరు గుర్తే లేదు కదా.

నేను శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. వేపపువ్వు మా వీధి చెట్టుదే తెస్తాను, కొనకండి. చంక దగ్గర పిగిలిన నా నీలం జాకెట్టు కూడా తెస్తున్నాను. ఆదివారం దీపం పెట్టాక నువ్వు కుట్టాల్సింది అదొక్కటే. కూలి ఇచ్చే తీసుకెళ్తాను, వద్దంటే ఒప్పుకోను.

నీ అత్తయ్య