తిరిగే ఉపగ్రహానికి రోబో చేతి కళ్లెం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: పనిచేయని ఉపగ్రహం పల్టీలు కొడుతుంటే రోబో చేత్తో గట్టిగా పట్టేసుకుంటే ఆగిపోదా? అక్కడ బరువే ఉండదు కదా!

జ: బరువు తెలియకపోయినా జడత్వం అలాగే ఉంటుంది. 5,000 కి.గ్రా.-చ.మీ. జడత్వ భ్రామకం (తిరుగుడులో మార్పును వస్తువు ఎంతగా ఎదిరిస్తుందో చెప్పే కొలత) ఉన్న పెద్ద ఉపగ్రహం సెకనుకు 3 డిగ్రీల చొప్పున తిరుగుతోందనుకుందాం. రెండు నిమిషాలకు ఒక చుట్టు, చూడ్డానికి నింపాదిగానే ఉంటుంది. కానీ దాని కోణీయ ద్రవ్యవేగం, అంటే జడత్వ భ్రామకాన్ని తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది, సుమారు 262 న్యూటన్-మీటర్-సెకన్లు. ఒక్క సెకనులో ఆపబోతే చేతి మీద సగటున 262 న్యూటన్-మీటర్ల టార్క్ (మెలితిప్పే బలం) పడుతుంది. పట్టు జారుతుంది, లేదా కీళ్లలోని గేర్లు దెబ్బతింటాయి. సౌర ఫలకాలు ఊగిపోతాయి.

అందుకే పట్టు దొరకగానే కీళ్లను బిగించరు. ఉపగ్రహం తిరిగే వైపే చేతిని సాగనిస్తూ, ఉదాహరణకు 5 న్యూటన్-మీటర్ల టార్క్‌తో బ్రేకు వేస్తారు. అలా ఐతే ఆగడానికి 52 సెకన్లు పడుతుంది, ఆలోగా అది ఇంకో 79 డిగ్రీలు తిరుగుతుంది. అంత తిరగడానికి కీళ్లలో చోటు మిగిలి ఉందా, మధ్యలో చేయి ఏ ఫలకానికైనా తగులుతుందా అన్నది పట్టుకోకముందే తేల్చుకోవాలి. మా దృష్టిలో అన్నిటికంటే కీలకమైన లెక్క ఇదే.

ఇంకో సంగతి. ఆ ద్రవ్యవేగం మాయమైపోదు, చేయి గుండా, ఆ చేయి బిగించి ఉన్న మన నౌకకు చేరుతుంది. నౌకను తిప్పడానికి, నిలకడగా ఉంచడానికి లోపల తిరిగే చక్రాలు, అంటే రియాక్షన్ వీల్స్, సాధారణంగా కొన్ని పదుల న్యూటన్-మీటర్-సెకన్లు మోసేసరికే నిండిపోతాయి. ఇక వాయువు చిమ్మే చిన్న ఇంజిన్లు, థ్రస్టర్లే దిక్కు. ద్రవ్యకేంద్రానికి చెరోవైపు మీటరు దూరంలో 10 న్యూటన్ల జంట ఉంటే 20 న్యూటన్-మీటర్లు వస్తాయి కాబట్టి, ఆ 52 సెకన్లలో నాలుగో వంతు సేపు మండిస్తే చాలు. వాటి వాయువు మాత్రం పట్టుకున్న ఉపగ్రహానికి తగలకూడదు.

ప్ర: మన నౌకే దాంతో సమంగా తిరిగితే?

జ: మంచి పద్ధతే. ఐతే ఎటునుంచి వెళ్తామన్నది చూసుకోవాలి. భ్రమణాక్షానికి 10 మీటర్ల దూరంలో పక్కనుంచి చుట్టు తిరగాలంటే 1,000 కిలోల నౌకకు 27 న్యూటన్ల తోపు ఆగకుండా కావాలి. అక్షం వెంబడి వెళ్తే ఆ ఖర్చు తప్పుతుంది. అక్షం కూడా ఊగిసలాడుతుంటే, కొన్ని చుట్ల పాటు లైడార్ (లేజర్ కాంతితో దూరం కొలిచే పరికరం), కెమెరాలతో గమనించి, అది ఏ క్షణాన ఎటు తిరిగి ఉంటుందో ముందే అంచనా కట్టాలి.

ప్ర: చేయి చాచగానే నౌక పక్కకు తిరిగిపోతుందట. నిజమేనా?

జ: నిజమే. నేలకు బిగించిన రోబోకు ఆ చిక్కు లేదు. అంతరిక్షంలో చేయి ఒకవైపు కదిలితే నౌక ఎదురు దిశలో కదులుతుంది. ఈ కదలికను కూడా కలుపుకుని లెక్కించే ‘జనరలైజ్డ్ జాకోబియన్’ పద్ధతిని జపాన్‌కు చెందిన ఉమెతాని, యోషిదా 1980లలో రూపొందించారు. 1997లో ప్రయోగించిన జపాన్ ఉపగ్రహం ఈటీఎస్-7 సుమారు 2 మీటర్ల చేత్తో కక్ష్యలో పరీక్షలు జరిపింది.

ప్ర: ఎక్కడ పట్టుకోవాలి?

జ: రాకెట్‌కు బిగించిన అడాప్టర్ రింగు దగ్గర. అది ప్రయోగ సమయంలో మొత్తం భారం మోసిన భాగం. యాంటెన్నాలు, ఫలకాలు ముట్టుకోకూడదు. రింగు దగ్గరైనా తొలి స్పర్శే ప్రమాదం. 1992లో అమెరికా స్పేస్ షటిల్ ఎండెవర్ వ్యోమగాములు ఇంటెల్‌శాట్-6 అనే సమాచార ఉపగ్రహాన్ని పట్టుకోబోయినప్పుడు దానికి తగిలించబోయిన కడ్డీ బిగుసుకోలేదు సరికదా, ఆ తాకిడికి ఉపగ్రహం ఊగడం మొదలుపెట్టింది. చివరికి ముగ్గురు కలిసి చేతులతో పట్టారు. కాబట్టి గ్రిప్పర్ వేళ్లు రింగుకు ఇంకా తగలకముందే దాన్ని రెండు వైపులా చుట్టేయాలి. బిగించడం ఆ తర్వాతే.