సైకిల్ కొనబోతున్న మేనకోడలికి

కోడలా,

నువ్వు సైకిల్ కొంటున్నావని, పర్లాకిమిడి నుంచి కాశీనగర్ మీదుగా గుణుపురం దాకా తొక్కుకెళ్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు నిన్ను తిట్టాలనిపించింది. ఆ తర్వాత వెళ్ళి పక్కింటావిడకి కూడా చెప్పి వచ్చాను.

హెల్మెట్ పెట్టుకో, నీళ్ళు పట్టుకెళ్ళు, ఎండ ముదరక ముందే ఇంటికొచ్చేయి. ఇవన్నీ నీకు తెలిసినవే. మీ నాన్న ఎందుకు ముభావంగా ఉన్నాడో మాత్రం నీకు తెలీదు. ఆయన నోరు విప్పి చెప్పడు కూడా.

చిన్నప్పుడు మీ తాతయ్య అన్నయ్యకి 24 అంగుళాల ఫ్రేము సైకిల్ కొన్నారు. ఎదిగే పిల్లాడు, చిన్నది కొంటే రెండేళ్ళకే పనికిరాదని ఆయన లెక్క. మా ఇంట్లో చొక్కాలైనా అంతే, చెప్పులైనా అంతే. అన్నయ్య కొన్నాళ్ళు సీటుకీ హ్యాండిల్‌కీ మధ్యనుండే బారు కింద నుంచి కాలు పెట్టి తొక్కాడు. తర్వాత సీటెక్కాడు గానీ కాలివేళ్ళు కూడా నేలకి అందేవి కావు. ఆగాలంటే ఏ అరుగో, మైలురాయో వెతుక్కోవాలి. అప్పట్లో నౌపడా నుంచి గుణుపురానికి చిన్న రైలు నడిచేది కదా, 1900లో మన ఊరికొచ్చిన బండి. దాంతో పందెం వెయ్యడం కుర్రాళ్ళకి సరదా. ఓ వానరోజు నన్ను క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని అన్నయ్య కూడా మొదలెట్టాడు. రోడ్డు పట్టాలని ఏటవాలుగా దాటే చోట, బండి వెళ్ళీ వెళ్ళగానే జోరు తగ్గించకుండా పోనిచ్చాడు. ముందు చక్రం పట్టా పక్కనున్న సందులో దిగిపోయింది. సైకిల్ ఒరిగింది. కాలు ఆనితే ఆపుకునేవాడే, ఆనలేదు. మోచెయ్యి విరిగింది. నాకు మోకాళ్ళు గీరుకుపోయాయంతే. అయినా ఇంటికొచ్చాక నాన్న ముందు నన్నే ఎత్తుకున్నారని ఇప్పటికీ దెప్పుతుంటాడు. ఆ చెయ్యి పూర్తిగా చాపలేడు, ఎప్పుడైనా గమనించావా?

ఆ చిన్న రైలు 2004లో ఆగిపోయింది. 2011 నుంచి పెద్ద లైను మీద బండ్లు తిరుగుతున్నాయి. పట్టా పక్కన సందు మాత్రం ఏ లైనుకైనా ఉంటుంది. హ్యాండిల్ తిప్పుకుని పట్టాలకి సూటిగా అడ్డంగా దాటు. తడిగా ఉంటే దిగి నడిపించుకెళ్ళు, ఎవరు నవ్వినా సరే.

షాపులో రంగు తర్వాత చూద్దువుగాని. ముందు బారుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడు. పాదాలు రెండూ పూర్తిగా నేలకి ఆనాక కూడా బారుకీ నీకూ మధ్య కనీసం రెండు వేళ్ళ సందు ఉండాలి. సీటు ఎత్తు వేరే సంగతి. మడమ పెడల్ మీద పెడితే, పెడల్ కిందికి వచ్చినప్పుడు కాలు నిటారుగా రావాలి. అంత ఎత్తైతే కాలు అందదేమోనని టెన్షన్ పడకు, ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకి దిగి ఆనించాలి. ముందు చక్రానికి కుదుపులు తగ్గించే సస్పెన్షన్ ఉన్నదే కావాలంటావేమో, చవక సైకిళ్ళలో అది బరువు తప్ప మరేమీ కాదు. మన రోడ్లకి 35 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉన్న టైరు చాలు. ట్యూబుకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే చిన్న ఎడాప్టర్ కూడా కొను. పల్లెల్లో పంచర్ షాపుల పంపు దానికి పట్టదు.

మొదటిసారే గుణుపురం వద్దు తల్లీ. కాశీనగర్‌లో వంశధార గాలి పీల్చుకుని, టీ తాగి వెనక్కి వచ్చేయి. మహేంద్రగిరి కొండ 1501 మీటర్ల ఎత్తు, ఈ ఏడాది దాని ఊసెత్తకు. చీకటి పడితే మాత్రం వెనక ఎర్రలైటు లేకుండా గుమ్మం దాటావో, సైకిల్‌కి తాళం వేసి తాళంచెవి నా కొంగున కట్టుకుంటాను. వరికోతల రోజుల్లో ట్రాక్టర్లు ఎలా వస్తాయో నేను చూశాను.

ఆదివారం వస్తాను. షాపుకి మీ నాన్నని కూడా లాక్కెళ్దాం, బారు ఎత్తు ఆయన్నే చూడమందాం. బేరం నేను చేస్తాను, నువ్వు నచ్చిందని అక్కడ నోరు జారకు.

మీ అత్తయ్య